వాచీ ఆగిపోతోందా? చేతిని కూడా చూడండి

ఆటోమేటిక్ వాచీకి చేతితో కీ ఇవ్వవచ్చునా, కూడదా అన్న ప్రశ్న వైద్యునికి సంబంధించినది కాదని పాఠకులు అనుకోవచ్చును. కాని హైదరాబాదు పాతబస్తీలో చాలాకాలం రోగులను చూసిన నాకు ఈ ప్రశ్న ఔట్‌పేషంట్ గదిలోనే పలుమార్లు ఎదురైంది. నాడి చూడడానికి రోగి చేయి అందుకోగానే వైద్యుని చూపు మణికట్టు మీద పడుతుంది. అక్కడి వాచీ గురించి ఒక మాట రావడం సహజం. "ఇది ఆటోమేటిక్, డాక్టరుగారూ! అయినా పొద్దున లేవగానే కీ ఇవ్వకపోతే మధ్యాహ్నానికి ఆగిపోతుంది" అని చెప్పినవారు ఒకరిద్దరు కారు. వారిలో అధికులు ఉద్యోగ విరమణ చేసినవారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆగిపోయిన ఆటోమేటిక్ వాచీకి చేతితో కీ ఇవ్వడం తప్పు కాదు. రోజంతా చేతికి ఉన్న ఆటోమేటిక్ వాచీకి ప్రతి ఉదయం కీ ఇవ్వవలసి రావడం మాత్రం సహజం కాదు. దానికి కారణం వాచీలో ఉండవచ్చు, వాచీ పెట్టుకొన్న మనిషిలోనూ ఉండవచ్చు. మొదటిదానిని వాచీలు బాగుచేసేవారు చూస్తారు. రెండవదానిని పట్టించుకొనేవారు అరుదు. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

వాచీలో జరిగేదేమిటి?

కీ ఇచ్చే వాచీలోనూ, ఆటోమేటిక్ వాచీలోనూ శక్తి నిలువ ఉండేది చుట్టచుట్టిన ఒక ఉక్కు స్ప్రింగులోనే. ఆ స్ప్రింగు మెల్లగా విప్పుకొంటూ పళ్లచక్రాలను నడుపుతుంది. కీ ఇచ్చే వాచీలో ఆ స్ప్రింగును బిగించేది మన బొటనవ్రేలు, చూపుడువ్రేలు. ఆటోమేటిక్ వాచీలో అదనంగా అర్ధచంద్రాకారపు బరువు ఒకటి ఉంటుంది. దానిని రోటరు అంటారు. మన చేయి కదిలినపుడల్లా ఆ బరువు తిరిగి, చిన్న చక్రాల ద్వారా స్ప్రింగును కొంచెం కొంచెంగా బిగిస్తుంది. నిండుగా బిగిసిన స్ప్రింగు సాధారణంగా 40 గంటల వరకు వాచీని నడుపుతుంది. అందుచేత రాత్రి తీసి బల్లపై పెట్టిన వాచీ ఉదయానికి నడుస్తూనే ఉండాలి.

"ఎక్కువ కీ ఇస్తే స్ప్రింగు తెగిపోతుంది" అన్న భయం పాత వాచీల కాలం నుంచి మనకు వచ్చింది. ఆటోమేటిక్ వాచీలకు అది వర్తించదు. రోటరు రోజంతా బిగిస్తూనే ఉంటుంది గనుక, స్ప్రింగు నిండిన తరువాత దాని వెలుపలి కొస డబ్బీ గోడ మీద జారిపోయే ఏర్పాటు వీటిలో ఉంటుంది. కాబట్టి స్ప్రింగుకు ప్రమాదం లేదు. అయితే ప్రతిరోజూ నలభై, యాభై చుట్లు తిప్పేవారి వాచీలో కీకి సంబంధించిన చిన్న చక్రాలు అరిగిపోతాయి. అవి అప్పుడప్పుడూ వాడుకొనడానికి అమర్చినవి. నిత్యం ఆ భారం మోయడానికి కాదు.

ఆటోమేటిక్ చేతివాచీ పుట్టుకలో ఒక విశేషముంది. 1920ల దశకంలో ఇంగ్లండుకు చెందిన జాన్ హార్వుడ్ అనే వాచీల మరమ్మతుదారు తాను రూపొందించిన ఆటోమేటిక్ వాచీకి కీ బొడిపెను పూర్తిగా తీసివేశాడు. ఆ బొడిపె రంధ్రం గుండా దుమ్ము, తేమ లోపలికి పోయి యంత్రాన్ని పాడుచేస్తున్నాయని అతడు గమనించాడు. ముళ్లను సరిచేయడానికి అద్దం చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పవలసి ఉండేది. అంటే చేతితో కీ ఇవ్వనవసరం లేకుండా చేయడమే ఆ వాచీ లక్ష్యాలలో ఒకటి.

పాతబస్తీ, కీ ఇచ్చే అలవాటు

మన నగరానికి గడియారాలతో అనుబంధం పాతది. చార్మినారు మీది గడియారాలు 1889లో అమర్చినవి. దాపునే ఉన్న మహబూబ్ చౌక్ గడియార స్తంభం 1892 నాటిది. చౌమహల్లా ప్యాలెస్ ద్వారం మీది ఖిల్వత్ గడియారానికి ఒక నిపుణుల కుటుంబం వారానికొకసారి కీ ఇస్తూ వస్తోంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారం ముందు ఇప్పటికీ జనం గుమికూడుతారు. ఇవన్నీ మనిషి చేయి పడితేనే నడిచిన యంత్రాలు.

చేతివాచీల విషయానికి వస్తే, 1961లో బెంగుళూరులో జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో హెచ్.ఎం.టి. వాచీల తయారీ మొదలైంది. జనతా, పైలట్, సోనా వంటివి కీ ఇచ్చే వాచీలు. కాంచన్, రజత్ ఆటోమేటిక్ వాచీలు. పెండ్లిలో అల్లునికి కాంచన్ పెట్టడం ఒక గౌరవంగా భావించిన రోజులున్నాయి. మన హైదరాబాదు ఆల్విన్ సంస్థ కూడా సీకో సహకారంతో వాచీలు చేసింది. 1970ల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లిన పాతబస్తీ యువకులు సెలవులకు వచ్చినపుడు తండ్రికో మామకో తెచ్చిన కానుకలలో సీకో 5 వాచీ ముఖ్యమైనది. హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయాలని కేంద్ర మంత్రివర్గం 2016లో నిర్ణయించింది. కాని ఆ వాచీలు మాత్రం ఇంకా ఎందరి చేతులకో ఉన్నాయి.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ పాత సీకో 5 వాచీలలో చాలావాటికి చేతితో కీ ఇచ్చే ఏర్పాటే లేదు. బొడిపె తిప్పితే తిరుగుతుంది గాని స్ప్రింగు బిగియదు. "ఎంత తిప్పినా పట్టుకోవడం లేదు, పాడైపోయింది" అని విచారించేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. అటువంటి వాచీని అరచేతిలో వెల్లకిలా పెట్టుకొని, అరనిమిషం పాటు అటూ ఇటూ నెమ్మదిగా ఊపి, చేతికి పెట్టుకొంటే చాలు. మిగిలిన పని నడక చూసుకొంటుంది.

వాచీ బాగున్నా ఆగిపోతే

ఇక అసలు విషయానికి వస్తాను. వాచీ సరిగా ఉందని మరమ్మతుదారు చెప్పిన తరువాత కూడా అది చేతి మీదనే ఆగిపోతూ ఉంటే, ఆ చేయి తగినంతగా కదలడం లేదని అర్థం. మరొక వ్యాఖ్యానానికి అవకాశం తక్కువ.

గౌలీపురాకు చెందిన ఒక విశ్రాంత ఉద్యోగి కొన్నేళ్ల క్రితం నా వద్దకు వచ్చారు. కుమారుడు దుబాయి నుంచి తెచ్చిన వాచీ ఆయనకు ప్రాణం. అది రోజూ ఆగిపోతున్నదని పత్తర్‌గట్టీలో ఒక వృద్ధ మరమ్మతుదారుకు రెండుసార్లు ఇచ్చారు. అతడు యంత్రం మీద పెట్టి చూశాడు. నాలుగు రోజులు తన చేతికే పెట్టుకొని తిరిగాడు. వాచీ నిక్షేపంగా నడిచింది. రెండవసారి తిరిగి ఇస్తూ, "వాచీ ఆగడం లేదు సాబ్, మీరే ఆగిపోతున్నారు" అన్నాడట. ఆయన ఆ మాటను నాకు నవ్వుతూనే చెప్పారు. నేను ఆయనను వరండా చివరి దాకా నడిచి రమ్మన్నాను. కుడిచేయి సహజంగా ఊగుతున్నది. వాచీ ఉన్న ఎడమచేయి నడుముకు అంటుకొని ఉండిపోయింది. బొటనవ్రేలిని, చూపుడువ్రేలిని వేగంగా కలిపి విడదీయమంటే ఎడమచేతిలో ఆ కదలిక క్షణక్షణానికి చిన్నదైపోయింది. చొక్కా గుండీలు పెట్టుకొనడానికి ఆలస్యమవుతున్నదని, చేతివ్రాత చిన్నదవుతున్నదని అడిగితే గాని ఆయన చెప్పలేదు. నరాల వ్యాధి నిపుణుని వద్దకు పంపాను. పార్కిన్సన్ వ్యాధి తొలిదశలో ఉన్నదని ఆయన నిర్ధారించారు.

పార్కిన్సన్ వ్యాధి అనగానే వణుకు గుర్తుకు వస్తుంది. కాని చాలామందిలో తొలిరోజులలో కనిపించేది కదలికలు మందగించడం, బిగుసుకొనడం, నడకలో ఒకవైపు చేయి ఊపు తగ్గడం. ఇంట్లోవారు దీనిని వయస్సు అని సరిపెట్టుకొంటారు. తొందరగా గుర్తిస్తే మందులతోనూ, వ్యాయామంతోనూ ఆ మనిషి తన పనులు తాను చేసుకొనే కాలాన్ని మెరుగుపరచవచ్చు.

ఇది చదివి, వాచీ ఆగినవారందరూ భయపడనవసరం లేదు. చేయి ఊపు తగ్గడానికి సాధారణమైన కారణాలు అనేకం ఉన్నాయి. మన పెద్దలలో చాలామంది చేతులు వెనుకకు కట్టుకొని నడుస్తారు. వారు రెండు కిలోమీటర్లు నడిచినా రోటరుకు తగినంత కదలిక ఉండదు. సంచి పట్టుకొని నడిచేవారు, ఫోను చెవికి ఆనించుకొని నడిచేవారు, చేతులు జేబులో పెట్టుకొనేవారు అంతే. భుజం కీలు బిగుసుకుపోయిన వారిలోనూ ఊపు తగ్గుతుంది. మధుమేహం ఉన్నవారిలో ఈ భుజం జాడ్యం ఎక్కువ. వాచీ వైద్య పరికరం కాదు. అది ఒక ప్రశ్నను మాత్రమే లేవనెత్తుతుంది. సమాధానం వైద్యపరీక్షలో దొరుకుతుంది.

అన్నింటికంటె సాధారణమైన కారణం మరొకటి ఉంది. అది కూర్చొని ఉండడం. ఉద్యోగం ఉన్నంతకాలం బస్సెక్కి, మెట్లెక్కి, ఫైళ్లు మోసి తిరిగిన చేయి, విరమణ తరువాత టీవీ ఎదుట కుర్చీ చేతి మీద విశ్రమిస్తుంది. పదిహేనేళ్లు నడిచిన వాచీ విరమణ చేసిన ఏడాదికే ఎందుకు ఆగిపోతున్నదో అర్థం కాక, దానిని దుకాణాల చుట్టూ తిప్పుతారు. ఆ తిరుగుడే వారికి ఆ నెలలో జరిగిన పెద్ద నడక అయిన సందర్భాలున్నాయి!

అరవై అయిదేళ్లు దాటినవారు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యరకపు శ్రమ చేయాలని, వారానికి కనీసం మూడు రోజులు శరీరపు నిలకడను, కండరాల బలాన్ని పెంచే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అంటే రోజుకు అరగంట చురుకైన నడక వారానికి ఐదు రోజులు. దీని వలన రక్తపుపోటు, చక్కెర అదుపులో ఉంటాయి. పడిపోయే ప్రమాదం తగ్గుతుంది. పాతబస్తీ వీధులలో నడక కష్టమన్న మాట నిజమే. దుకాణాలు తెరవకముందు చార్మినారు చుట్టుపక్కల నడవవచ్చు. బయటికి రాలేని స్త్రీలు డాబా మీద నడవవచ్చు. చేతులు వదిలి, ఊపుతూ నడవండి.

ఈ రోజులలో ఆటోమేటిక్ వాచీలను పెట్టెలో పెట్టి త్రిప్పే విద్యుత్ యంత్రాలు అమ్ముతున్నారు. అనేక వాచీలున్నవారికి అవి ఉపయోగపడవచ్చు. ఒకే వాచీ ఉన్న మనిషి, అది ఆగిపోతున్నదని ఆ యంత్రం కొనడం నాకు సమ్మతం కాదు. తన చేయి చేయవలసిన పనిని యంత్రానికి అప్పగించి, తాను కుర్చీలోనే ఉండిపోవడం అది.

కీ ఇవ్వలేని వ్రేళ్లు

కొందరిలో సమస్య వేరు. కీ ఇవ్వాలన్నా వ్రేళ్లు సహకరించవు. కీ బొడిపెను పట్టి త్రిప్పడానికి బొటనవ్రేలు, చూపుడువ్రేలు గట్టిగా ఒత్తుకోవాలి. బొటనవ్రేలి మొదట్లోని కీలు అరిగినవారికి ఈ పనిలో నొప్పి కలుగుతుంది. ఇది వృద్ధ స్త్రీలలో అధికం. సీసా మూత తీయడం, తాళం త్రిప్పడం కూడా వారికి కష్టమవుతాయి. మణికట్టు సొరంగంలో నరం ఒత్తుకుపోయినవారికి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు తిమ్మిరెక్కుతాయి. రాత్రివేళ ఆ తిమ్మిరికి మెలకువ వచ్చి చేయి విదిలించుకొంటారు. మధుమేహం, థైరాయిడు మాంద్యం ఉన్నవారిలో ఇది ఎక్కువ.

దీర్ఘకాలం మధుమేహం ఉన్నవారు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. నమస్కారం చేస్తున్నట్లు రెండు అరచేతులను, వ్రేళ్లను పూర్తిగా కలపండి. వ్రేళ్ల నడుమ సందు మిగిలి, చేతులు సమంగా ఆనకపోతే వ్రేళ్ల కీళ్లు బిగుసుకుపోతున్నాయని అనుమానించాలి. అటువంటివారు చక్కెర అదుపుతో పాటు కళ్లు, మూత్రపిండాలు కూడా పరీక్ష చేయించుకోవడం మంచిది. నొప్పి ఉన్న వ్రేళ్లకు వాచీ కీ ఒక వ్యాయామం అనుకొని బలవంతంగా త్రిప్పవద్దు. మనుమడినో మనుమరాలినో పిలిచి ఇప్పించండి. పిల్లలకు అది ఇష్టమైన పని.

నిన్నటి వరకు కీ ఇచ్చిన చేయి ఈ ఉదయం హఠాత్తుగా పట్టు తప్పితే, దానితో పాటు మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, అది పక్షవాతం కావచ్చు. తగ్గుతుందేమోనని వేచి చూడక 108కి ఫోను చేయండి. రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలసి ఉంటుంది. ఆసుపత్రిలో మొదట అడిగే ప్రశ్న, "ఎన్ని గంటల వరకు మామూలుగా ఉన్నారు?" అని. ఆ సమయాన్ని గుర్తుంచుకోండి.

ఆగిన వాచీ, తప్పిన మందు

వాచీ ఆగడం చిన్న విషయమే. దానిని నమ్ముకొని మందులు వేసుకొనేవారికి మాత్రం చిన్నది కాదు. థైరాయిడు మాత్ర పరగడుపున, ఆహారానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. పార్కిన్సన్ మందులు వేళ తప్పితే మనిషి కొయ్యబారిపోతాడు. ఇన్సులిను, భోజనం ఒకదాని వెంట ఒకటి లెక్కగా ఉండాలి. రంజాను నెలలో ఉపవాసముండే మధుమేహ రోగులు ముందుగానే వైద్యుని కలిసి మోతాదులు మార్చుకోవాలి. చక్కెర 70 కంటె తగ్గినా, 300 దాటినా వేళతో పని లేకుండా ఉపవాసం విరమించాలి. మంచం పట్టినవారికి, ఇంట్లోనే ఉండేవారికి మందుల వేళ చూసుకొనడానికి ఆటోమేటిక్ వాచీ తగదు. పెద్ద అంకెలున్న బ్యాటరీ గోడగడియారం ఒకటి మంచానికి ఎదురుగా పెట్టండి.

నాడి లెక్కించడానికి మాత్రం నడుస్తున్న ఏ వాచీ అయినా పనికి వస్తుంది. 1707లోనే ఇంగ్లండు వైద్యుడు సర్ జాన్ ఫ్లాయర్ నాడిని లెక్కించడానికి ప్రత్యేకంగా ఒక నిమిషపు గడియారాన్ని వాడి గ్రంథం వ్రాశాడు. ఆటోమేటిక్ వాచీ రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ కావడం వలన ఒక నిమిషపు లెక్కలో దోషం రాదు. సెకన్ల ముల్లును చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. విశ్రాంతిగా ఉన్నపుడు 60 నుంచి 100 సాధారణం. కొట్టుకొనే తీరు క్రమం తప్పితే వైద్యునికి చెప్పండి.

సంగ్రహంగా నా సూచనలు

1. ఆటోమేటిక్ వాచీ పూర్తిగా ఆగిపోయినపుడు, కీ ఏర్పాటు ఉన్నదైతే, ఇరవై ముప్ఫై చుట్లు నెమ్మదిగా ఇవ్వండి. ఆపైన వేళ సరిచేసి పెట్టుకోండి.

2. చేతికి ఉండగా కీ ఇవ్వవద్దు. తీసి ఇవ్వండి. లేనిచో బొడిపె కాడ పక్కకు వంగుతుంది. మరచుట్టు ఉన్న బొడిపె అయితే ముందు విప్పి, తరువాత తప్పక బిగించండి.

3. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 గంటల మధ్య తేదీని మార్చవద్దు.

4. కీ ఇస్తున్నపుడు లోపలి బరువు గిరగిర తిరుగుతున్నట్లు అనిపిస్తే ఆపండి. చమురు ఎండిపోయి ఉండవచ్చు. మరమ్మతుదారుకు చూపండి.

5. అతడు వాచీ బాగుందని చెప్పినా అది చేతి మీద ఆగిపోతూ ఉంటే, రెండు వారాలు చేతులు ఊపుతూ రోజుకు అరగంట నడవండి. అప్పటికీ ఆగితే మీ నడకను ఇంట్లో ఒకరిని వెనుక నుంచి, ముందు నుంచి చూడమనండి. ఒక చేయి ఊగకపోతే వైద్యుని కలవండి.

పాతబస్తీ గల్లీలలో చిన్న బల్ల మీద, కంటికి భూతద్దం తగిలించుకొని ఈ వాచీలను ఇంకా బాగుచేస్తున్నవారు కొందరే మిగిలారు. వారిలో ఎవరైనా మీ వాచీలో లోపం లేదని చెబితే, మరొక దుకాణానికి పోకండి. ఆ మాటను వైద్యసలహాగా స్వీకరించి, నడక మొదలుపెట్టండి.